ఆటల నిర్మాణంలో ప్రోగ్రామింగ్ భాష ఎంపిక: పనివేగం, ఉత్పాదకత, తెలుగు అక్షరం - జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల విద్యానేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కంప్యూటర్ ఆటల నిర్మాణానికి ఏ ప్రోగ్రామింగ్ భాష తగినదన్న చర్చ చాలావరకు రెండు వాదాల మధ్యనే సాగుతున్నది. యంత్రం ఎంత త్వరగా పని చేస్తుందన్నది ఒకటి. మనిషి ఎంత త్వరగా పని ముగిస్తాడన్నది మరొకటి. ఈ రెండింటినీ పరస్పర విరుద్ధాలుగా చూడడం వల్ల ఎంపిక దారి తప్పుతున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. ఆట అనేది ఒకే భాషలో అల్లిన వస్తువు కాదు. అది పొరల నిర్మాణం. కనుక ఏ భాష మేలన్న ప్రశ్నకు ముందు, ఏ పనిని ఏ పొరలో ఉంచాలన్న ప్రశ్న రావాలి. తెలుగులో ఆటలు రూపొందించేవారికి తెలుగు లిపిని సరిగా చూపగల శక్తి కూడా ఒక ప్రమాణం కావాలని, ఆ విషయంలో తెలుగు శాఖలకూ బాధ్యత ఉన్నదని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: ఆటల నిర్మాణం, ప్రోగ్రామింగ్ భాష, పనివేగం, ఉత్పాదకత, గేమ్ ఇంజన్, తెలుగు లిపి, అక్షర సంయోజనం, సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల.

1. ఉపోద్ఘాతం:

2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు పాత కరీంనగర్ జిల్లా నుంచి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలోని ప్రధాన పట్టణాలలో ఒకటి. సిరిసిల్ల మరమగ్గాలకు, కోరుట్ల ప్రాంతం బీడీ పరిశ్రమకు, గల్ఫ్ వలసలకు పేరుపొందాయి. ఇదే ప్రాంతంలో సాంకేతిక విద్య కూడా విస్తరించింది. జగిత్యాల జిల్లా నాచుపల్లిలో 2007లో, సిరిసిల్లలో 2021లో జె.ఎన్.టి.యు. హైదరాబాద్ ఇంజనీరింగ్ కళాశాలలు మొదలయ్యాయి. డిగ్రీ కళాశాలలలో కంప్యూటర్ సైన్స్ చదివే విద్యార్థులు వీరికి అదనం.

ఈ విద్యార్థులలో ఆటల నిర్మాణం పట్ల ఆసక్తి గలవారు మొదట ఎదుర్కొనే ప్రశ్న భాష గురించే. సి ప్లస్ ప్లస్ నేర్వాలా, సి షార్ప్ నేర్వాలా, పైథాన్ సరిపోతుందా? ఈ ప్రశ్నకు వారికి లభించే సమాధానాలు మూడు రకాలు. వేగమే ప్రాణమనేది మొదటిది. సులభమైనదే మేలనేది రెండవది. ఉద్యోగం ఏ భాషకు దొరికితే ఆ భాషే సరైనదనేది మూడవది. మూడింటిలోనూ కొంత సత్యమున్నది. అయితే మూడూ భాషను ఒంటరిగా నిలబెట్టి తూకం వేస్తాయి. ఆ పద్ధతిని పరీక్షించడమే ఈ వ్యాసోద్దేశం.

పరిమితమైన వనరులున్న చోట ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. పెద్ద సంస్థ తప్పు భాషను ఎంచుకుంటే నష్టపోయేది డబ్బు. ఒక్క సొంత కంప్యూటరు, నాలుగేళ్ల చదువు మాత్రమే ఉన్న విద్యార్థి తప్పుగా ఎంచుకుంటే నష్టపోయేది రెండేళ్ల కాలం. చాలాసార్లు ఆట పూర్తి కాకుండానే ఆగిపోతుంది.

2. వేగవాదం - పట్టికలను చదివే తీరు:

వేగవాదులు తరచు ఆధారంగా చూపేవి భాషల వేగాన్ని పోల్చే పట్టికలు. 2017లో పోర్చుగల్ పరిశోధకులు 27 భాషలను పోల్చి ప్రచురించిన అధ్యయనం వీటిలో ప్రసిద్ధమైనది. అందులో సి భాష తీసుకున్న కాలాన్ని ఒకటిగా లెక్కిస్తే సి ప్లస్ ప్లస్‌కు 1.56, జావాకు 1.89, సి షార్ప్‌కు 3.14 వచ్చాయి. పైథాన్‌కు దాదాపు 72, లువాకు దాదాపు 83 వచ్చాయి. ఈ పట్టికను యథాతథంగా స్వీకరిస్తే లువా ఆటల నిర్మాణానికి ఏమాత్రం పనికిరాని భాషగా తేలాలి.

చరిత్ర ఇందుకు భిన్నంగా ఉన్నది. ఆటల రంగంలో అత్యధికంగా పేరుపొందిన స్క్రిప్టు భాషలలో లువా ఒకటి. 1998లో వచ్చిన గ్రిమ్ ఫాండాంగో ఆటలో దానిని వాడారు. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఆటగాడి తెరకు సంబంధించిన పనులు లువాలో నడుస్తాయి. పట్టికలో అట్టడుగున ఉన్న భాష, క్షణక్షణం వేగం కోరే రంగంలో ఎలా నిలిచింది? ఈ వైరుధ్యమే వేగవాదం లోపాన్ని బయటపెడుతున్నది.

పట్టిక అబద్ధం చెప్పడం లేదు. అది వేరొక ప్రశ్నకు సమాధానం చెబుతున్నది. అందులో కొలిచినవి చిన్న చిన్న గణన కార్యక్రమాలు. ప్రతి కార్యక్రమమూ మొత్తంగా ఒకే భాషలో రాసినది. ఆటలో అలా జరగదు. బొమ్మను గీయడం, వస్తువులు ఢీకొన్నాయో లేదో లెక్కించడం వంటి భారమైన పనులు సి ప్లస్ ప్లస్‌లో రాసిన ఇంజన్ చేస్తుంది. ద్వారం తెరుచుకోవాలా, శత్రువు వెనుదిరగాలా వంటి నిర్ణయాలను మాత్రమే లువా తీసుకుంటుంది. నిర్ణయం చెప్పే నోరు నెమ్మదైనదైనా పని చేసే చేయి వేగంగా ఉంటే ఆటగాడికి తేడా తెలియదు.

అయితే వేగవాదాన్ని పూర్తిగా కొట్టివేయడమూ సరికాదు. సెకనుకు 60 ఫ్రేములు చూపాలంటే ఒక్కో ఫ్రేముకు లభించే వ్యవధి 16.67 మిల్లీసెకన్లు. 30 ఫ్రేములతో సరిపెట్టుకుంటే 33.33 మిల్లీసెకన్లు. ఈ గడువు దాటితే బొమ్మ తడబడుతుంది. సి షార్ప్, జావా వంటి భాషలు వాడి వదిలేసిన స్మృతిస్థలాన్ని తామే ఏరివేస్తాయి. ఆ ఏరివేత సరిగ్గా ఆట ఉత్కంఠ ఘట్టంలో జరిగితే తెర ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. తక్కువ ధర ఫోనులో ఇది మరింత స్పష్టంగా కనబడుతుంది. కనుక వేగవాదం లేవనెత్తిన సమస్య నిజమైనదే. ఆటంతటినీ ఒకే వేగవంతమైన భాషలో రాయాలన్న పరిష్కారమే చర్చనీయం.

3. ఉత్పాదకత - పారిశ్రామికుల సాక్ష్యం:

ఉత్పాదకతను బద్ధకానికి మారుపేరుగా చూసే ధోరణి విద్యాలయాలలో కొంత ఉన్నది. కష్టమైన భాషలో రాసినవాడే నిజమైన ప్రోగ్రామరు అన్న భావన దానికి మూలం. అన్‌రియల్ ఇంజన్ రూపకర్త టిమ్ స్వీనీ 2006లో ప్రోగ్రామింగ్ భాషల సూత్రాలపై జరిగిన అంతర్జాతీయ సదస్సులో చేసిన ప్రసంగం ఈ భావనకు బలమైన ఖండన. వేగానికి పెట్టింది పేరైన ఇంజన్‌ను నిర్మించిన వ్యక్తే ఉత్పాదకత పనివేగంతో సమానమైనదని ప్రకటించారు. పది శాతం ఉత్పాదకత పెరుగుతుందంటే పది శాతం వేగాన్ని సంతోషంగా వదులుకుంటామన్నది ఆయన వాదన సారాంశం.

ఆయన చూపిన లెక్క ఇంకా ఆలోచింపజేస్తుంది. గేర్స్ ఆఫ్ వార్ ఆటలో ఆట నడకకు సంబంధించిన కోడు దాదాపు 2,50,000 పంక్తులు. గణనభారం మోసే ఇంజన్ కోడు కూడా దాదాపు అంతే. కాని ప్రాసెసర్ కాలంలో మొదటిదానికి కేటాయించినది సుమారు 10 శాతం. రెండవదానికి 90 శాతం. రాతలో సమానమైన రెండు భాగాలు కాలవ్యయంలో ఒకటికి తొమ్మిది నిష్పత్తిలో ఉన్నాయి. మనిషి శ్రమలో సగం వెచ్చించిన చోట యంత్రం శ్రమ పదవ వంతు మాత్రమే. అక్కడ మనిషికి అనువైన భాషను, మిగిలిన చోట యంత్రానికి అనువైన భాషను వాడడం ఈ లెక్క నుంచి సహజంగా వచ్చే నిర్ణయం. శ్రేణి హద్దు దాటడం, శూన్యసూచికను వాడడం, విలువ ఇవ్వని చలరాశిని చదవడం, పూర్ణాంకం పొంగిపోవడం వంటి కొద్ది రకాల పొరపాట్లే అన్‌రియల్‌లోని దోషాలలో సగానికి కారణమని కూడా ఆయన చెప్పారు. ఇవన్నీ భాషే నివారించగలిగిన పొరపాట్లు.

ఈ సాక్ష్యానికీ పరిమితి ఉన్నది. పది శాతమన్నది ప్రకృతి నియమం కాదు. ఆ ఆటకు ఆ నిర్మాతలు వేసుకున్న కేటాయింపు. వేలాది పాత్రలు ఏకకాలంలో కదిలే ఆటలో నిష్పత్తి మారిపోతుంది. స్వీనీ సంస్థే ఈ విషయంలో దారి మార్చుకున్నది. 1998 నుంచి వాడిన అన్‌రియల్‌స్క్రిప్ట్ భాష, స్వీనీ స్వయంగా రాసిన మార్గదర్శిక ప్రకారమే, సి ప్లస్ ప్లస్ కంటే దాదాపు 20 రెట్లు నెమ్మదైనది. 2014లో వచ్చిన అన్‌రియల్ ఇంజన్ 4లో దానిని విడిచిపెట్టి సి ప్లస్ ప్లస్‌ను, బ్లూప్రింట్ అనే దృశ్యరూప విధానాన్ని జతచేశారు. భాష మారింది. రెండు పొరలు ఉండాలన్న సూత్రం మాత్రం మారలేదు.

ఉత్పాదకతను ఒక్క వ్యక్తి సౌలభ్యంగా చూడడమూ పొరపాటే. నాటీ డాగ్ సంస్థ 2001లో విడుదల చేసిన జాక్ అండ్ డాక్స్టర్ ఆటను లిస్ప్ సంప్రదాయంలో తాము తయారుచేసుకున్న గోల్ అనే భాషలో రాసింది. తెలిసినవారి చేతిలో అది గొప్ప సాధనం. కాని ఇతర బృందాలతో కోడు పంచుకోవడం, ఆ భాష తెలిసిన కొత్తవారిని వెతకడం కష్టమైంది. తరువాతి తరం ఆటలకు సంస్థ సి ప్లస్ ప్లస్‌కు మరలింది. రేపు మరొకరు అందుకోలేని భాషలో నేడు సాధించిన ఉత్పాదకత నిలవదు. మూడవ వాదమైన ఉద్యోగవాదంలోని సత్యాంశం ఇదే. అయితే సంతలో నేడున్న గిరాకీని బట్టి మాత్రమే భాషను ఎంచుకోవడం వేరు, ఆ భాష తెలిసిన సమాజం ఉన్నదా అని చూడడం వేరు.

4. పడుగు, పేక - పొరల విభజన:

పై చర్చలో తేలిన సూత్రాన్ని సిరిసిల్ల మరమగ్గం చక్కగా బోధిస్తుంది. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. బట్టకు నిలువు పోగుల వరుస పడుగు, అడ్డంగా నడిచే పోగు పేక. పడుగును సిద్ధం చేయడం నెమ్మదైన పని. వార్పిన్ కార్మికులు వేలాది పోగులను వరుస తప్పకుండా బీముకు చుట్టాలి. వైపని కార్మికులు కొత్త బీము పోగులను ఒక్కొక్కటిగా కలపాలి. అది ముగిసిన తరువాతనే సాంచా వేగంగా నడుస్తుంది. పేక రంగు మార్చాలంటే కండె మారిస్తే చాలు. పడుగు మార్చాలంటే సాంచా ఆపి మొత్తం పని తిరిగి చేయాలి.

ఆటలోనూ రెండు రకాల భాగాలుంటాయి. బొమ్మ గీసే భాగం, ధ్వని, భౌతిక గణన, అక్షరాలను తెరపై అమర్చే భాగం పడుగు వంటివి. అవి అరుదుగా మారుతాయి, ఎక్కువ బరువు మోస్తాయి. వాటికి సి ప్లస్ ప్లస్ వంటి భాష తగినది. ఆట నియమాలు, సంభాషణలు, అంచెల కష్టతరతమాలు పేక వంటివి. అవి రోజుకు పదిసార్లు మారుతాయి. ప్రతి మార్పుకూ నిమిషాల తరబడి కంపైలు కోసం వేచి ఉండవలసి వస్తే నిర్మాత ప్రయోగాలు తగ్గించుకుంటాడు. ప్రయోగాలు తగ్గితే ఆట రుచి తగ్గుతుంది. అందుకే ఇక్కడ లువా, జీడీస్క్రిప్ట్, సి షార్ప్ వంటివి అనుకూలం.

ఈ విభజన కొత్తది కాదు. 1987లో లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ మేనియాక్ మాన్షన్ కోసం స్కమ్ అనే ప్రత్యేక స్క్రిప్టు పద్ధతిని రూపొందించింది. 1996 నాటి క్వేక్ ఆటలో ఇంజన్ సి భాషలో ఉంటే ఆట నియమాలు క్వేక్‌సి అనే చిన్న భాషలో ఉన్నాయి. నేటి యూనిటీలో ఇంజన్ లోపలి భాగం సి ప్లస్ ప్లస్, నిర్మాత రాసేది సి షార్ప్. 2014లో స్వేచ్ఛా మూలసంకేతంగా విడుదలైన గోడో ఇంజన్‌లో లోపల సి ప్లస్ ప్లస్, పైన జీడీస్క్రిప్ట్. మైన్‌క్రాఫ్ట్ ప్రస్థానం మరొక దారిని చూపుతుంది. అది మొదట జావాలో పుట్టి, లోకాదరణ పొంది, చరవాణుల వంటి పరికరాల కోసం తరువాత సి ప్లస్ ప్లస్‌లో మరో రూపం ధరించింది. అది మొదటే సి ప్లస్ ప్లస్‌లో మొదలై ఉంటే మరింత వేగంగా నడిచేదేమో. కాని ఒక్క వ్యక్తి చేతిలో అంత త్వరగా రూపుదిద్దుకునేదా అన్నది సందేహమే.

ఇక్కడ లువా పుట్టుక కూడా స్మరణీయం. 1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరో కాథలిక్ విశ్వవిద్యాలయంలో అది రూపొందింది. విదేశీ సాఫ్ట్‌వేర్ దిగుమతిపై ఆనాటి బ్రెజిల్‌లో ఉన్న కట్టడులు సొంత సాధనాలు తయారుచేసుకోవలసిన అవసరాన్ని కల్పించాయి. చమురు సంస్థ పనుల కోసం పుట్టిన ఆ చిన్న భాష ప్రపంచపు ఆటలలోకి ప్రవేశించింది. ఆటల పరిశ్రమ కేంద్రాలకు దూరంగా ఉన్న విశ్వవిద్యాలయం కూడా మూలసాధనాన్ని ఇవ్వగలదనడానికి ఇది నిదర్శనం.

5. పులి-మేక ఆట - ఒక లెక్క:

మన ప్రాంతపు ఆటనే ఉదాహరణగా తీసుకుని ఈ సూత్రాన్ని పరీక్షించవచ్చు. పులి-మేక ఆటలో ప్రసిద్ధమైన ఒక రూపంలో 23 స్థానాలు, 3 పులులు, 15 మేకలు ఉంటాయి. ఇద్దరు మనుషులు ఫోనులో ఆడుకునే రూపాన్ని తయారుచేస్తే వేగం ఊసే అవసరం లేదు. ఒక ఎత్తు చెల్లుతుందో లేదో చూడడానికి కొద్దిపాటి పోలికలు చాలు. ఆటగాడు ఆలోచించడానికి తీసుకునే సెకన్ల ముందు భాషల మధ్య 70 రెట్ల తేడా కూడా కంటికి ఆనదు. ఇక్కడ ఉత్పాదకతే ప్రమాణం.

యంత్రమే పులి పక్షాన ఆడాలంటే పరిస్థితి మారుతుంది. ప్రతి స్థితిలో సగటున పది ఎత్తులు సాధ్యమని, యంత్రం ఆరు ఎత్తుల ముందుచూపుతో ఆలోచించాలని అనుకుందాం. అప్పుడు పరిశీలించవలసినవి పది లక్షల స్థితులు. సి భాషలో ఒక్కో స్థితికి ఒక మైక్రోసెకను పడుతుందనుకుంటే మొత్తం ఒక సెకను. 70 రెట్లు నెమ్మదైన భాషలో 70 సెకన్లు. అంతసేపు ఎదురుచూసే ఆటగాడు ఉండడు. ఇంతవరకు వేగవాదమే గెలిచినట్టు కనబడుతుంది.

కాని ఆల్ఫా-బీటా అనే కత్తిరింపు పద్ధతిని ప్రయోగిస్తే, ఎత్తులను ఉత్తమ క్రమంలో పరిశీలించగలిగినప్పుడు, చూడవలసిన స్థితులు 1,999కి తగ్గుతాయి. అదే నెమ్మదైన భాషలో ఇది సుమారు 0.14 సెకన్ల పని. అంటే మంచి పద్ధతితో నడిచే నెమ్మది భాష, మొరటు పద్ధతితో నడిచే వేగవంతమైన భాషను ఏడు రెట్లు మించింది. ఆచరణలో అంతటి ఉత్తమ క్రమం దొరకకపోవచ్చు. అయినా దిశ స్పష్టం.

ఈ లెక్క నుంచి గ్రహించవలసినది ఒకటున్నది. ఉత్పాదకత, పనివేగం ఎల్లప్పుడూ ప్రత్యర్థులు కావు. భాషతో కుస్తీ పట్టడంలో మిగుల్చుకున్న కాలం మంచి పద్ధతిని వెతకడానికి ఉపకరిస్తే, ఆ కాలమే తిరిగి వేగంగా మారుతుంది. ఆ తరువాత కూడా చాలనప్పుడు, వెతుకులాట జరిపే ఆ ఒక్క భాగాన్ని కొలిచి చూసి సి ప్లస్ ప్లస్‌కు మార్చవచ్చు. మొత్తం ఆటను మార్చవలసిన పని లేదు.

6. తెలుగు అక్షరం - మూడవ ప్రమాణం:

ఇంతవరకు చెప్పినది ఏ భాషాసమాజానికైనా వర్తిస్తుంది. తెలుగులో ఆట తయారుచేసేవారికి మరొక పరీక్ష ఉన్నది. ‘స్త్రీ’ అన్నది తెలుగువారికి ఒక అక్షరం. ఛందస్సులో ఒక గురువు. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అనే ఆరు సంకేతాల వరుస. పైథాన్, జావా, సి షార్ప్ భాషలలో దాని పొడవు అడిగితే ఆరు అని వస్తుంది. యూటీఎఫ్-8 రూపంలో సి భాష బైట్లను లెక్కిస్తే 18 వస్తుంది. ఈ భాషలేవీ వాటంతట అవి ‘ఒకటి’ అని చెప్పవు.

ఇది పండితచర్చ మాత్రమే కాదు. పదకేళి ఆటలో ‘స్త్రీ’ ఒక గడిలో కూర్చోవాలా, ఆరు గడులలోనా? గణవిభజన నేర్పే ఆటలో గురులఘువులను యంత్రం ఎలా గుర్తించాలి? సంభాషణ ఒక్కో అక్షరంగా తెరపైకి వచ్చే ఆటలో సంకేతాల వారీగా చూపితే విరిగిన అక్షరాలు కనబడతాయి. 2023లో వెలువడిన యూనికోడ్ 15.1 ప్రమాణం తెలుగు సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాన్ని విడదీయకుండా ఉంచే నియమాన్ని చేర్చింది. అయితే ఆ నియమం వాడుకలోకి రావడం ఇంజన్‌లోని గ్రంథాలయం ఎంత కొత్తదన్న దానిపై ఆధారపడుతుంది.

అక్షరాన్ని లెక్కించడం ఒక సమస్య అయితే చూపడం మరొకటి. వత్తును హల్లు కిందకు, గుణింతపు గుర్తును సరైన చోటికి చేర్చే పనిని అక్షర సంయోజనం అనవచ్చు. యూనిటీలో చాలాకాలం ప్రధానంగా వాడుకలో ఉన్న టెక్స్ట్ మెష్ ప్రోలో భారతీయ లిపులకు అవసరమైన ఈ సంయోజనం సహజంగా లేదు. ఫలితంగా వత్తులు విడివడి, పొల్లులు బయటపడి అక్షరం కుప్పకూలుతుంది. నిర్మాత ముందుండిన ప్రధాన దారులు మూడు: అదనపు ఉపకరణం తెచ్చుకోవడం, తెలుగు పాఠాన్ని బొమ్మలుగా అతికించడం, లేదా తెలుగును వదిలి ఇంగ్లీషుకు మారడం. బొమ్మగా అతికించిన పాఠాన్ని సవరించడం, వెతకడం, చదివి వినిపించడం సాధ్యం కావు. ముద్రణరంగంలో అను ఫాంట్ల కాలం నుంచి నేటివరకు తెలుగు శాఖలు అనుభవించిన ఇబ్బంది ఆటల తెరపై పునరావృతమవుతున్నదన్నమాట.

2023 మార్చిలో వచ్చిన గోడో 4.0 హర్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా గ్రంథాలయాన్ని చేర్చుకోవడంతో సంక్లిష్ట లిపులకు సంయోజనం సహజంగా లభించింది. అన్‌రియల్ ఇంజన్ కూడా అదే గ్రంథాలయాన్ని వాడుతున్నది. హర్ఫ్ అంటే అక్షరమని ఉర్దూ వినే మన ప్రాంతంలో వేరే చెప్పనక్కరలేదు. పారశీక నామంతో పుట్టిన ఆ గ్రంథాలయం సి ప్లస్ ప్లస్‌లో రాసినది. సిలికానాంధ్ర వంటి సంస్థల కృషితో స్వేచ్ఛగా వాడుకోదగిన తెలుగు యూనికోడ్ ఖతులు ఇప్పటికే లభిస్తున్నాయి. ఖతి ఉన్నంత మాత్రాన సంయోజనం లేని ఇంజన్‌లో అక్షరం నిలవదు.

ఈ పొర ఎంత లోతైనదో 2018 ఫిబ్రవరిలో జరిగిన ఘటన లోకానికి చాటింది. ‘జ్ఞ’తో కూడిన ఒక తెలుగు అక్షరక్రమం వచ్చిన సందేశాన్ని చూపబోయి ఐఫోన్లలో అనేక అనువర్తనాలు కుప్పకూలాయి. ఆపిల్ సంస్థ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 ద్వారా దానిని సరిదిద్దింది. ఆ అనువర్తనాలను రాసినవారి తప్పేమీ లేదు. లోపం అడుగున, అక్షరాన్ని తీర్చే వ్యవస్థలో ఉన్నది. పడుగులో పోగు తప్పితే పేక ఎంత బాగా నడిచినా బట్టలో చార పడుతుంది. కనుక తెలుగు ఆటకు భాషను ఎంచుకోవడమంటే ముందుగా తెలుగును మోయగల పడుగును ఎంచుకోవడమే.

7. స్థానిక షరతులు:

పై ప్రమాణాలను జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల విద్యార్థులకు అన్వయిస్తే కొన్ని షరతులు స్పష్టమవుతాయి. మొదటిది, ఆటగాడి పరికరం. గల్ఫ్‌లోని మనిషితో మాట్లాడే ఫోనే ఇంట్లో ఆటవస్తువు కూడా అయినప్పుడు, నిర్మాత తన కంప్యూటరులో కాక అటువంటి సాధారణ ఫోనులో ఆటను పరీక్షించాలి. 2017లో ఒక జీబీ, అంతకు తక్కువ స్మృతి గల ఫోన్ల కోసం ఆండ్రాయిడ్ గో రూపాన్ని గూగుల్ విడుదల చేయడమే ఈ వర్గపు విస్తృతికి సూచిక.

రెండవది, నిర్మాత పరికరం. భారీ ఇంజన్ తెరుచుకోవడానికే కష్టపడే కంప్యూటరులో ఆ ఇంజన్ భాష ఎంత వేగమైనదైనా నిర్మాతకు ప్రయోజనం లేదు.

మూడవది, అనుమతి షరతులు. భాష ఇంజన్‌తో, ఇంజన్ ఒక సంస్థతో ముడిపడి ఉంటుంది. యూనిటీ 2023 సెప్టెంబరులో స్థాపనల సంఖ్యను బట్టి రుసుము వసూలు చేస్తామని ప్రకటించి, తీవ్ర నిరసన తరువాత 2024 సెప్టెంబరులో దానిని రద్దు చేసుకున్నది. ఎంచుకున్న భాష చెక్కుచెదరకపోయినా దాని కింది నేల కదలవచ్చునని ఆ ఏడాది నిరూపించింది. స్వేచ్ఛా ఇంజన్ల విలువను ఈ కోణం నుంచీ చూడాలి.

నాలుగవది, పాఠ్యప్రణాళిక. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో సి భాష బోధించడం వృథా కాదు. స్మృతి, సూచికలు, కాలవ్యయం తెలియనివాడు పై పొరలో చేసే తప్పును గుర్తించలేడు. కాని సి నేర్పిన తరువాత దానిని మరొక భాషతో కలిపి ఒకే కార్యక్రమంలో వాడే అభ్యాసం కూడా అవసరం. భాషలను విడివిడి ప్రశ్నపత్రాలుగా నేర్పే పద్ధతిలో పొరల విభజన విద్యార్థి దృష్టికి రాదు. కొలిచే అలవాటు అంతకంటే అరుదు. ఏ భాగం ఎంత కాలం తీసుకుంటున్నదో కొలవకుండా భాష మార్చడం, నాడి చూడకుండా మందు ఇవ్వడం వంటిది.

ఐదవది, తెలుగు శాఖల పాత్ర. ఇంజన్ తెలుగును సరిగా చూపుతున్నదా అని పరీక్షించడానికి ద్విత్వ, సంయుక్త, సంశ్లేషాక్షరాలతో కూడిన పరీక్షాపాఠం కావాలి. అరసున్న, బండిర వంటి అరుదైన వర్ణాలు, పొల్లుతో ముగిసే అన్యదేశ్యాలు అందులో ఉండాలి. దీనిని శాస్త్రీయంగా కూర్చగలిగేది కంప్యూటర్ శాఖ కాదు, తెలుగు శాఖ. అటువంటి పాఠం ఒకటి సిద్ధమైతే ఏ కళాశాల విద్యార్థి అయినా ఇంజన్‌ను ఎంచుకునే మొదటిరోజే దానిని తెరపై చూసి నిర్ణయించుకోగలడు. కనబడిన లోపాన్ని స్వేచ్ఛా గ్రంథాలయాల నిర్వాహకులకు నివేదించడం కూడా పరిశోధనలో భాగమే.

8. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. భాషల వేగపట్టికలు నిజమైనవే. కాని అవి పొరలుగా నిర్మితమైన ఆటకు నేరుగా వర్తించవు. పట్టికలో అట్టడుగునున్న లువా ఆటలలో నిలదొక్కుకోవడమే ఇందుకు సాక్ష్యం.

2. అరుదుగా మారి ఎక్కువ బరువు మోసే భాగానికి యంత్రానుకూల భాష, తరచు మారే భాగానికి మానవానుకూల భాష తగినవి. సరిహద్దు ఎక్కడన్నది కొలిచి తేల్చవలసిన విషయం. అభిమానంతో తేల్చేది కాదు.

3. మిగిలిన మానవశ్రమ మెరుగైన పద్ధతులకు దారితీసినప్పుడు ఉత్పాదకతే పనివేగంగా మారుతుంది. పులి-మేక లెక్క దీనిని చూపింది.

4. తెలుగు ఆటకు అక్షర సంయోజనం తప్పనిసరి ప్రమాణం. ఆ పరీక్షలో నెగ్గని ఇంజన్ ఎంత వేగమైనదైనా, ఎంత సులభమైనదైనా తెలుగుకు కొరగాదు.

5. నేటి స్థితిలో ఈ ప్రాంతపు విద్యార్థి స్వేచ్ఛా ఇంజన్‌పై స్క్రిప్టు భాషతో మొదలుపెట్టి, సాధారణ ఫోనులో కొలిచి, అవసరమైన భాగాన్ని మాత్రమే సి ప్లస్ ప్లస్‌కు మార్చుకోవడం ఉచితమైన మార్గం.

మన పిల్లలు ఫోనులో ఆడే ఆటలలో తెలుగు కనబడకపోవడానికి ఆసక్తి లేకపోవడమొక్కటే కారణమని భావించడం తొందరపాటు. ఆట పునాదిలో తెలుగుకు చోటు లేనప్పుడు పైపొరలో ఎంత ఆసక్తి ఉన్నా అక్షరం నిలవదు. ఆ పునాదిని పరీక్షించడంలో కంప్యూటర్ అధ్యాపకులు, తెలుగు అధ్యాపకులు కలిసి పనిచేయవలసి ఉన్నది. ఒకే ప్రాంగణంలో ఉన్న రెండు శాఖల మధ్య దూరం తగ్గితే ఈ పని అసాధ్యమేమీ కాదు.